వీ4 (క్రియకు -ఇంగ్ చేరిన రూపం) ముందర బై, ఆన్, ఇన్ ఎప్పుడు పెట్టాలె, ఎప్పుడు పెట్టొద్దు?

మట్టెవాడ:

అందరికీ నమస్తే. డీఎస్సీ స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషుకు చదువుతున్న. పార్టిసిపుల్ ఫ్రేజుల కాడ గడబిడ అయితుంది. ఒక పుస్తకంల "హియరింగ్ ద న్యూస్" అని మొదలైతది, ఇంకో దాంట్ల "ఆన్ హియరింగ్ ద న్యూస్" అని ఉంటది, "బై హియరింగ్" అంటే మాత్రం తప్పు కొడ్తరు. గైడ్లల్ల "ప్రిపోజిషన్ తర్వాత వచ్చే వీ4 జెరండ్, ఉత్తగ వస్తే పార్టిసిపుల్" అని ఒక్క లైను రాసి వదిలేసిన్రు. పేరు తెలిసినంత మాత్రాన రాయొస్తదా? ఎప్పుడు పెట్టాల్నో తెల్వాలె కద. కింది అయిదింట్ల ఏది తప్పు, ఎందుకు తప్పు, దయచేసి చెప్పున్రి.

1. "రీచింగ్ కాజీపేట, ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్."
2. "బై హియరింగ్ ద రిజల్ట్, షి స్టార్టెడ్ క్రయింగ్."
3. "రెయినింగ్ ఆల్ నైట్, భద్రకాళి లేక్ ఫిల్డ్ అప్."
4. "ఐ స్పెంట్ టూ అవర్స్ ఇన్ ఫిల్లింగ్ ద ఫామ్."
5. "డ్యూరింగ్ వెయిటింగ్ ఫర్ ద బస్, హి రెడ్ ద పేపర్."

వడ్డేపల్లి కట్ట:

నాలుగోది ఒక్కటి నడుస్తది. మిగిలిన నాలుగూ తప్పే, కాని నాలుగు ఒక్క తీరు తప్పులు కావు. 1, 3 కర్త గురించినవి, వాటిని ఎవరన్న తీరుబడిగ చెప్తే మంచిది. నేను ప్రిపోజిషన్ సంగతి చెప్త.

ఈ చిక్కంత మన "చేసి"తోని వస్తది. "బటన్ నొక్కి మోటరు పెట్టిండు" అంటే నొక్కుడు ఉపాయం. "రిజల్ట్ విని ఏడ్చింది" అంటే వినుడు కారణం. "అన్నం తిని పండుకున్నడు" అంటే ఒట్టి వరుస, ఒకటైనంక ఒకటి. తెలుగుల మూడింటికీ క్త్వార్థకం (నొక్కి, విని, తిని లాంటి రూపం) ఒక్కటే సరిపోతది, మిగతాది వినేటోడు అర్థం చేసుకుంటడు. ఇంగ్లీషుల ఉత్త వీ4 కూడ కొంతవరకు గిట్లనే పనిచేస్తది: పక్కపక్కన జరిగిన రెండు పనులను కలుపుతది, సంబంధం ఏందో చదివేటోనికే వదిలేస్తది. ప్రిపోజిషన్ పెట్టినమంటే ఆ సంబంధం ఏందో రాసినోడే తేల్చి చెప్పినట్టు. అందుకే తప్పుడు ప్రిపోజిషన్ పెట్టుడు కంటే ఏదీ పెట్టకపోవుడే నయం.

బై వస్తే "ఎట్ల?" అన్న ప్రశ్నకు జవాబు దొరకాలె. ఎనుమాముల మార్కెట్ల ఒక రైతు కమీషన్ ఎట్ల మిగిలించుకున్నడు? "హి సేవ్డ్ ద కమిషన్ బై సెల్లింగ్ హిజ్ చిల్లీస్ డైరెక్ట్లీ టు ద కంపెనీ." అమ్ముడు ఉపాయం, మిగులుడు ఫలితం. ఇప్పుడు మీ రెండో వాక్యాన్ని అట్లనే అడగున్రి. ఆమె ఎట్ల ఏడ్చింది? రిజల్ట్ వినే ఉపాయంతోనా? కాదు కద. అందుకే బై నిలవదు. "హియరింగ్ ద రిజల్ట్" కుదురుతది, "ఆన్ హియరింగ్ ద రిజల్ట్" ఇంకా గట్టిగ కుదురుతది.

ఇదే లెక్కన అనుకోకుండ అయ్యే పనులకు బై అంత సహజంగ ఉండదు. "హి బ్రోక్ హిజ్ లెగ్ ఫాలింగ్ ఆఫ్ ద బైక్" అంటరు. "బై ఫాలింగ్" అంటే గ్రామర్ తప్పని కాదు, కాలు ఇరగ్గొట్టుకునేటందుకే కావాలని పడ్డట్టు వినిపిస్తది.

ఆన్‌కు మన "-గానే" సరిగ్గ అతుకుతది. వినంగనే, దిగంగనే, చూడంగనే. కాబట్టి వెనక వచ్చే పని టక్కున అయిపోయేది కావాలె: హియరింగ్, రీచింగ్, సీయింగ్, ఓపెనింగ్, రిసీవింగ్. "ఆన్ లివింగ్ ఇన్ వరంగల్", "ఆన్ వర్కింగ్ ఇన్ సింగరేణి" అనరాదు. ఉండుడు, పనిచేసుడు సాగేటివి, వాటికి "-గానే" పట్టదు. అపాన్ కూడ ఇదే పని, ఇంకొంచెం పాత కాయిదాల భాష. నోటి మాటల అయితే ఈ రెండింటి కంటే "వెన్ ఐ రీచ్డ్" అనుడే ఎక్కువ. ఒక తేడా మాత్రం పరీక్షల పనికొస్తది: ఒక పని అయినంక ఫలానాది చెయ్యి అని చెప్పే వాక్యంల ఉత్త వీ4 ఒప్పదు. "రీచింగ్ కాజీపేట, కాల్ మీ" అనరు. "ఆన్ రీచింగ్ కాజీపేట, కాల్ మీ" అంటే సరే.

ఇన్‌ను గైడ్లు ఎందుకో పట్టించుకోవు. "ఇన్ ట్రయింగ్ టు సేవ్ ద కాఫ్, హి ఫెల్ ఇంటు ద వెల్." లేగను కాపాడబోయి బాయిల పడ్డడు. ఆ "బోయి" ఉన్నది చూడున్రి, ఒక పనిల ఉండంగ ఇంకోటి జరుగుడు, అదే ఇన్. ఇక్కడ బై పెడితే కాపాడే ప్రయత్నమే బాయిల పడేటందుకు ఉపాయం అయిపోతది.

ఆఫ్టర్, బిఫోర్, సిన్స్, వితౌట్ గురించి పెద్దగ చెప్పేది లేదు. వాటి తర్వాత వీ1 (క్రియ మూలరూపం) రాస్తే తప్పు: "ఆఫ్టర్ ఫినిష్ ద వర్క్" కాదు, "ఆఫ్టర్ ఫినిషింగ్". "ఆఫ్టర్ హావింగ్ ఫినిష్డ్" తప్పు కాదు గాని, "అయినంక" అన్నది రెండుసార్లు చెప్పినట్టు. ఆఫ్టర్ తీసేస్తే మాత్రం హావింగ్‌కు పని పడ్తది: "హావింగ్ ఫినిష్డ్ ద వర్క్, హి వెంట్ హోమ్." మొదటి పని అయిపోయి, నడుమ గ్యాప్ ఉన్నా, లేక చాలా కాలం సాగినా హావింగ్ తప్పదు. "లివింగ్ ఇన్ హన్మకొండ ఫర్ టెన్ ఇయర్స్, హి నోస్ ఎవ్రీ లేన్" అన్నది తప్పు, "హావింగ్ లివ్డ్" కావాలె.

ఇంకొకటి. ఫ్రేజు వాక్యం చివర, కామా తర్వాత వస్తే అది ఫలితం కావచ్చు. "ద బండ్ బర్స్ట్, ఫ్లడింగ్ ద ప్యాడీ ఫీల్డ్స్." కట్ట తెగింది, పొలాలు మునిగినయి. అదే చోట బై పెట్టి చూడున్రి: "ద బండ్ బర్స్ట్ బై ఫ్లడింగ్ ద ప్యాడీ ఫీల్డ్స్." పొలాలను ముంచుడు అనే ఉపాయంతోని కట్ట తెగిందట. కారణం, ఫలితం తారుమారు.

ఎనుమాముల గేటు:

కట్ట అన్న వదిలేసిన 1, 3 నేను చెప్తాను.

ముందు వీ4 ఉన్న ఫ్రేజు వచ్చి, కామా పడి, ఆ తర్వాత ఏ నామవాచకం వస్తే ఆ పని చేసింది అదే అని ఇంగ్లీషు పాఠకుడు అనుకుంటాడు. పరీక్షించడం చాలా తేలిక: కామా తర్వాత ఉన్న సబ్జెక్టును తీసుకుని వీ4 పక్కన పెట్టి తెలుగులో చదవండి. మొదటి వాక్యంలో కాజీపేట చేరింది ఎవరు? ట్రెయిన్. చేరిన ట్రెయినే వెళ్లిపోయింది కూడా. చెప్పాలనుకున్నది అది కాదు. "విజిటింగ్ రామప్ప, ద కార్వింగ్స్ అమేజ్డ్ అస్" అంటే శిల్పాలు రామప్ప చూడటానికి వచ్చాయి.

చాలామంది చేసే పని ఏమిటంటే, ముందు ఆన్ తగిలించి సరి అయిందనుకుంటారు. "ఆన్ రీచింగ్ కాజీపేట, ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్" కూడా అంతే తప్పు. ప్రిపోజిషన్ సంబంధాన్ని చెప్తుంది, కర్తను తేదు. "ఆన్ రీచింగ్ కాజీపేట, వి ఫౌండ్ దట్ ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్" అని వి పెట్టాలి. లేదా ఫ్రేజునే విప్పేయండి: "వెన్ వి రీచ్డ్ కాజీపేట, ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్."

మూడోది తెలుగు నుంచి నేరుగా దిగిన తప్పు. "వర్షం పడి చెరువు నిండింది", "కరెంటు పోయి మోటరు ఆగింది" అని మనం రోజూ అంటాం. పడింది వర్షం, నిండింది చెరువు, కర్తలు రెండు. తెలుగులో ‘చేసి’కి మామూలుగా రెండు పనులకూ కర్త ఒకటే ఉంటుంది కానీ, ఒకటి ఇంకొకదానికి కారణమైతే కర్తలు వేరైనా చెల్లుతుంది. ఇంగ్లీషులో ఆ సౌకర్యం కావాలంటే మొదటి కర్తను ఫ్రేజు లోపలే కూర్చోబెట్టాలి: "ద పవర్ హావింగ్ ఫెయిల్డ్, ద మోటార్ స్టాప్డ్." ఇది వ్యాకరణం ప్రకారం శుద్ధంగానే ఉంటుంది కానీ బిగుసుకుపోయిన రాత. విత్ పెడితే కాస్త వదులవుతుంది. "విత్ ద మేడారం జాతర అప్రోచింగ్, ద ఆర్టీసీ ఈజ్ అరేంజింగ్ ఎక్స్‌ట్రా బసెస్." ఇక్కడ జాతర దగ్గరపడుతోంది, బస్సులు పెడుతున్నది ఆర్టీసీ. కర్తలు రెండున్నా తప్పు లేదు, విత్ వెనకాల జాతర అనే పేరు ఉంది కాబట్టి. "విత్ అప్రోచింగ్" అని పేరు లేకుండా రాస్తే మాత్రం పోయింది. విత్ తర్వాత నామవాచకం, దాని తర్వాత వీ4, ఈ వరుసే.

కర్త నియమం వర్తించని మాటలు కొన్ని ఉన్నాయి: కన్సిడరింగ్, రిగార్డింగ్, కన్సర్నింగ్, ఓయింగ్ టు, అకార్డింగ్ టు, "జడ్జింగ్ ఫ్రమ్", "జెనరల్లీ స్పీకింగ్". చూడటానికి వీ4 లాగా ఉన్నా ఇవి ఎప్పుడో ప్రిపోజిషన్లుగా, ఊతమాటలుగా స్థిరపడ్డాయి. "కన్సిడరింగ్ హిజ్ ఏజ్, ద స్పీచ్ వాజ్ గుడ్" అంటే స్పీచ్ ఏదో ఆలోచించిందని ఎవరూ అనుకోరు. స్పాటింగ్ ఎర్రర్స్‌లో (వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో) ఇలాంటివి కనిపిస్తే కర్త దగ్గర తప్పు వెతకకండి, తప్పు ఇంకెక్కడో ఉంటుంది.

ఒకటి అడగకపోయినా చెప్తున్నాను, పేపర్లలో తరచూ కనిపిస్తుంది. "బిల్డింగ్ ఇన్ 1213, రామప్ప వాజ్ ఇన్‌స్క్రైబ్డ్ బై యునెస్కో ఇన్ 2021." గుడి కట్టలేదు, కట్టబడింది. వీ3 (పాస్ట్ పార్టిసిపుల్) కావాలి: "బిల్ట్ ఇన్ 1213". దాని ముందు బీయింగ్ కూడా అక్కర్లేదు. "బీయింగ్ బిల్ట్" అంటే ఇంకా కడుతూనే ఉన్నారన్న వాసన వస్తుంది.

మట్టెవాడ:

చాలా థాంక్స్ సార్, "కాపాడబోయి" అన్న కాడ లైటు వెలిగింది. ఇంకా రెండు అనుమానాలు. "బై డ్రింకింగ్ బాయిల్డ్ వాటర్, మెనీ డిసీజెస్ కెన్ బి ప్రివెంటెడ్" అని ఒక పుస్తకంల సరైన వాక్యం కిందనే ఇచ్చిన్రు. మీరు చెప్పిన లెక్కన నీళ్లు తాగింది రోగాలు కావాలె కద? ఇంకోటి, డ్యూరింగ్ కూడ ప్రిపోజిషనే కద, దాని తర్వాత వీ4 ఎందుకు రాదు?

ఎనుమాముల గేటు:

మొదటి అనుమానం న్యాయమైనదే. ప్రధాన వాక్యం పాసివ్‌లో ఉన్నప్పుడు "ఎవరి చేత" అన్నది దాగి ఉంటుంది. "కెన్ బి ప్రివెంటెడ్" అంటే మనుషులు నివారించవచ్చు. ఆ దాగిన మనుషులే నీళ్లు కాచి తాగేవాళ్లు, అందుకే బై ఫ్రేజు అక్కడ నిలబడుతుంది. ఫ్రేజును చివరికి జరిపితే ఎవరికీ అనుమానమే రాదు: "మెనీ డిసీజెస్ కెన్ బి ప్రివెంటెడ్ బై డ్రింకింగ్ బాయిల్డ్ వాటర్." కానీ "బై డ్రింకింగ్ డర్టీ వాటర్, ఫీవర్ కేమ్ టు హిమ్" అన్నది తప్పే. అక్కడ పాసివ్ లేదు, దాగిన కర్తా లేడు, వచ్చింది జ్వరం. "హి గాట్ ఫీవర్ ఫ్రమ్ డ్రింకింగ్ డర్టీ వాటర్" అని రాయాలి. జ్వరానికి కారణం చెప్తున్నాం, ఉపాయం కాదు, అందుకని బై పోయి ఫ్రమ్ వచ్చింది.

కమాన్ కరీంనగర్:

రెండోదానికి నేను జవాబు ఇస్తా.

డ్యూరింగ్ తర్వాత ఒక కాలమో, ఒక సంఘటనో పేరు రూపంల రావాలె: డ్యూరింగ్ ద జాతర, డ్యూరింగ్ ద ఎగ్జామ్, డ్యూరింగ్ హిజ్ స్టే. పని చేస్తుండగా అని చెప్పాలంటే దాని డ్యూటీ వైల్‌ది. వైల్ ప్రిపోజిషన్ కాదు, కంజంక్షన్. "వైల్ వెయిటింగ్ ఫర్ ద బస్" అంటే "వైల్ హి వాజ్ వెయిటింగ్"ల హి వాజ్ ఎగిరిపోయింది, అంతే. వెన్, వన్స్, అన్‌లెస్, దో కూడ గిట్లనే కుదించవచ్చు. బికాజ్ మాత్రం కుదరదు. "బికాజ్ బీయింగ్ ఇల్" అని రాయొద్దు: "బికాజ్ హి వాజ్ ఇల్", లేదా ఉత్త "బీయింగ్ ఇల్". "యాజ్ బీయింగ్ ఇల్" కూడ ఇంతే తప్పు. డిస్పైట్ తర్వాత ఆఫ్ రాదు, ఇన్ స్పైట్ తర్వాత ఆఫ్ రావాలె. ఈ రెంటినీ కలిపి "డిస్పైట్ ఆఫ్ బీయింగ్" అని రాసేటోళ్లు మన జిల్లాలల్ల కొల్లలు.

వైల్ పెట్టుడుకు ఇంకో లాభం ఉన్నది. "ఐ సా ద సర్పంచ్ క్రాసింగ్ ద రోడ్" అంటే రోడ్డు దాటుతున్నది సర్పంచ్. "ఐ సా ద సర్పంచ్ వైల్ క్రాసింగ్ ద రోడ్" అంటే దాటుతున్నది నేను. ఒక్క మాటతోని మనిషి మారిండు.

ఇగ నాలుగో వాక్యం. "స్పెండ్ టైమ్", "వేస్ట్ టైమ్", "హ్యావ్ డిఫికల్టీ", "హ్యావ్ ట్రబుల్", వీటి తర్వాత ఇన్ ఉన్నా లేకున్నా ఒక్కటే. ఇప్పటి వాడకంల తీసేసుడే ఎక్కువ: "ఐ స్పెంట్ టూ అవర్స్ ఫిల్లింగ్ ద ఫామ్." ఇన్ పెట్టినందుకు మార్కు పోదు, టు పెడితే పోతది. "స్పెంట్ టూ అవర్స్ టు ఫిల్", "హ్యాడ్ డిఫికల్టీ టు ఫైండ్" అని రాస్తరు చూడున్రి, అక్కడ. "నింపేటందుకు రెండు గంటలు పట్టింది" అని మనసుల అనుకుంటరు కాబట్టి టు వచ్చి కూసుంటది. టు కావాల్నంటే వాక్యమే మార్చాలె: "ఇట్ టుక్ మీ టూ అవర్స్ టు ఫిల్ ద ఫామ్."

బిజీకి ఇన్ వద్దు. "షి ఈజ్ బిజీ కుకింగ్", పేరు వస్తే "బిజీ విత్ ద కుకింగ్". వర్త్‌కు కూడ ఏమీ వద్దు: "వర్త్ రీడింగ్". "గో ఫర్ షాపింగ్" మన దగ్గర అందరూ అంటరు, పేపర్ల మాత్రం "గో షాపింగ్", "గో స్విమ్మింగ్" అనే రాయున్రి. "ఇట్ ఈజ్ నో యూజ్ క్రయింగ్"ల ఇన్ లేదు, "దేర్ ఈజ్ నో పాయింట్ ఇన్ క్రయింగ్"ల ఉంచుడు మంచిది.

ఫ్రమ్ కాడ మాత్రం పైలంగ ఉండున్రి. "ప్రివెంట్ హిమ్ ఫ్రమ్ గోయింగ్", "స్టాప్ హిమ్ ఫ్రమ్ గోయింగ్"ల ఫ్రమ్‌ను బ్రిటిష్ వాడకంల వదిలేస్తరు, అర్థం మారదు. అమెరికాల ప్రివెంట్ తర్వాత ఉంచుతరు. పరీక్షల ఉంచితే ఎవరూ తప్పు పట్టరు. కీప్ కాడ వదిలేస్తే మాత్రం అర్థం ఉల్టా. "షి కెప్ట్ ద చైల్డ్ ఫ్రమ్ క్రయింగ్": పిల్లగాన్ని ఏడ్వనియ్యలేదు. "షి కెప్ట్ ద చైల్డ్ క్రయింగ్": పిల్లగాన్ని ఏడిపిస్తనే ఉన్నది. ఆప్షన్లల్ల ఈ రెండూ పక్కపక్కన ఇస్తే తొందరల చాలామంది తప్పు టిక్కు పెడ్తరు.

వడ్డేపల్లి కట్ట:

కమాన్ చెప్పినదానికి ఒక్క ముక్క కలుపుత. టు అంటే వీ1 అని బట్టీ పట్టినోళ్లకు "లుక్ ఫార్వర్డ్ టు", "బి యూజ్డ్ టు", "విత్ ఎ వ్యూ టు" కాడ దెబ్బ పడ్తది. ఇక్కడ టు ప్రిపోజిషన్, వీ4 రావాలె. గుర్తు పట్టుడు ఎట్లంటే, టు తర్వాత ఇట్ పెట్టి చూడున్రి. "ఐయామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్" కుదిరింది, కాబట్టి "టు మీటింగ్ యు". "ఐ వాంట్ టు ఇట్" కుదరదు, కాబట్టి "టు మీట్ యు". "యూజ్డ్ టు"తోని ఇంకో తిరకాసు: "ఐ యూజ్డ్ టు వాక్" అంటే ఒకప్పుడు నడిచేటోన్ని, "ఐయామ్ యూజ్డ్ టు వాకింగ్" అంటే నడుసుడు అలవాటైంది.

మట్టెవాడ:

తిరగ రాసిన, చూడున్రి.

1. "ఆన్ రీచింగ్ కాజీపేట, వి ఫౌండ్ దట్ ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్."
2. "ఆన్ హియరింగ్ ద రిజల్ట్, షి స్టార్టెడ్ క్రయింగ్."
3. "విత్ ద రెయిన్ ఫాలింగ్ ఆల్ నైట్, భద్రకాళి లేక్ ఫిల్డ్ అప్."
4. "ఐ స్పెంట్ టూ అవర్స్ ఫిల్లింగ్ ద ఫామ్."
5. "వైల్ వెయిటింగ్ ఫర్ ద బస్, హి రెడ్ ద పేపర్."

ఎనుమాముల గేటు:

అయిదూ సరే. మూడోదానిలో వ్యాకరణం తప్పు లేదు కానీ రాత్రంతా పడి ఆగిన వాన అయితే "ఇట్ రెయిన్డ్ ఆల్ నైట్ అండ్ ద లేక్ ఫిల్డ్ అప్" అని మామూలుగా రాసేయండి. అక్కడ పార్టిసిపుల్‌తో పనే లేదు.